ఇత్తడి పలికిన చోటు

గొడుగు పదకొండో ఏడు, మార్గశిరం, సోమవారం

ఇవాళ్టి నుంచి లోహాలు వెతికే డిటెక్టర్ నా చేతికి వచ్చింది. రేపెప్పుడైనా ఇంకొకరు దీన్ని పట్టాల్సి వస్తే, నేను పడ్డ తిప్పలు వాళ్లు పడకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఆకాశంలో సూర్యుడికి అడ్డంగా గొడుగు విప్పినప్పుడు ఎండలు తగ్గుతాయన్నారు. తగ్గాయి. మళ్లీ మూయడం మాత్రం ఎవరికీ చేతకాలేదు, చలి పెరిగి మా ఊళ్లు మంచులో మునిగాయి. అప్పటి నుంచీ మేం నీలగుట్ట మీదే ఉంటున్నాం. ఇక్కడ భూమి అడుగు నుంచి వేడినీళ్లు వచ్చే బోరు ఉంది. ఆ నీళ్లు నేలలో వేసిన పైపుల్లోంచి ప్రతి ఇంటి గచ్చు కిందా తిరిగి, చల్లారి మళ్లీ బోరుకు చేరతాయి. మా బతుకంతా ఆ తిరుగుడు మీదే.

నా మొగుడు భూమన్న ఇన్నేళ్లూ ఈ డిటెక్టర్‌తో మంచు కింద పాత రాగి తీగలు వెతికి తెచ్చేవాడు. పోయిన నెల వచ్చి బూట్లు విప్పితే ఎడమ పాదం వేళ్లు నల్లబడి ఉన్నాయి. రెండు తీసేశారు. ఇప్పుడు మంచం మీద ఉన్నాడు.

పొద్దున బోరు చూసుకునే ఫర్హానా వచ్చింది. ఏడు నెలల చూలాలు. మొగుడు ధాన్యం కోసం దిగువకు పోయాడు, మంచు కరిగేదాకా రాడు. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

“గంగామణక్కా, పంపినన్ని నీళ్లు తిరిగి వస్తలేవు. యాడనో కారుతున్నయి.”

“కారిన కాడ మంచు కరగాలె గదనే?”

“ఊరంత తిరిగి చూసిన. యాడ కరగలే. ఏ రాళ్ల సందుల దిగుతున్నయో ఏమో.” ఊపిరి తీసుకుంది. “పైపులేమో ప్లాస్టిక్‌వి. అతుకు అతుకుకు ఇత్తడి కట్టు ఉంటది. కారితే ఆ కట్ల కాడనే కారుతది. వేసినోళ్లు ఎవరూ లేకపాయె. ఒక్కో కట్టు వెతుక్కుంట పోవాలె. అన్న లేవలేడు. మరి...”

నా వైపు చూసింది. నేను దూది కోట్లు కుట్టేదాన్ని. సూది తప్ప వేరే లోహం పట్టిన చెయ్యి కాదు.

భూమన్న మంచం మీద నుంచే పాఠం మొదలుపెట్టాడు. దుప్పటి కింద గరిటె దాచి వెతకమన్నాడు. కర్ర చివర ఉన్న చక్రాన్ని అటూ ఇటూ ఊపాను. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో ఒకటే కీచు. గరిటె మీద కాదు, నా కాళ్ల దగ్గర.

భూమన్న నవ్వాడు. వేళ్లు పోయాక అతను నవ్వడం అదే మొదలు.

“మట్టెలే మణీ! అవి ఉంటే నీ కాళ్లను తప్ప ఇంకేం దొరకవట్టది అది.”

“నువ్వుండంగ నేను మట్టెలు తీస్తే మంది ఏమంటరు?”

“నా వేళ్లు రెండు పాయె, నీ మట్టెలు రెండు పాయె. సరికి సరి. కాలు ఇటు పెట్టు.”

తనే తీశాడు. చలికి వాచిన వేళ్లు, నొప్పి పుట్టకుండా మెల్లగా తిప్పి తిప్పి తీశాడు. తీసి తన మొలతాడుకు కట్టుకున్నాడు. “నేనున్ననని ఇవి చెప్తయి తియ్,” అన్నాడు.


బుధవారం

మొదటిసారి బయటికి పోయాను. పోయిన కాసేపటికే తిరిగొచ్చాను. బ్యాటరీ చచ్చిపోయింది.

ఇంటికి రాగానే భూమన్న దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చంటిపిల్లను చూసినట్టు చూశాడు. “సచ్చిపోలే. సలికి ముడుసుకున్నది. రవికెల పెట్టుకో, పనప్పుడే తీయి.” కాసేపు ఒంటి వేడి తగిలాక నిజంగానే బతికింది.

ఈ పనిలో మొదట నేర్చుకోవలసింది వెతకడం కాదు, ఊడవడం. మంచు మీద చక్రం తిప్పితే అడుగున ఉన్నది వినపడదు. నల్లటి నేల కనపడేదాకా మంచు తీయాలి. తర్వాత చక్రాన్ని నేలకు దగ్గరగా పట్టుకుని ఊపాలి. ఊపు చివరలో చెయ్యి పైకి లేస్తుంది, ఆ లేచిన చోటే వస్తువు తప్పిపోతుంది. “ఇల్లు అలికినట్టు ఊపు,” అన్నాడు భూమన్న. ఆ ఒక్క మాటతో చెయ్యి కుదిరింది.

గడ్డపారను దూరంగా పెట్టాలని ఎవరూ చెప్పలేదు. దాని చప్పుడు వెంటే చాలాసేపు తిరిగాను.


శనివారం

ఇనుము గుర్రుమంటుంది. రాగి సన్నగా పాడుతుంది. ఇత్తడి ఎలా ఉంటుందని అడిగితే భూమన్న నీళ్ల చెంబు తెప్పించి, దాన్ని గోటితో కొట్టి వినిపించాడు. “ఇదే. కాకపోతే దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంటది.”

ఇవాళ బోరు గది వెనక ఆ చప్పుడు విన్నాను. చక్రాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పాను. రెండు సార్లూ ఒకే చోట పలికింది.

నేల రాయిలా ఉంది. గడ్డపార దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి తప్ప మట్టి లేవలేదు. అందుకని కుంపటిలో బొగ్గులు తెచ్చి ఆ చోట పెట్టి, మెత్తబడినంత మేర తవ్వి, మళ్లీ బొగ్గులు పెట్టి, మళ్లీ తవ్వాను. మోకాటి లోతులో పసుపు రంగు కనపడింది. ఇత్తడి కట్టు. చుట్టూ మట్టి పొడిగా ఉంది, అంటే కారుతున్నది ఇక్కడ కాదు. అయినా సంతోషం పట్టలేక ఆ గుంతలో కూర్చుని కట్టును కొంగుతో తుడిచాను.

ఫర్హానా వచ్చి వంగలేక పై నుంచే చూసింది. “ఇగ దీని నుంచి దారి దొరికినట్టే అక్కా,” అంది. అక్కడో కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టాం.


మార్గశిరం చివర, గురువారం

ఎర్ర గుడ్డలు ఇప్పుడు ఊరి నడిమి దాకా వచ్చాయి. అన్నీ పొడి కట్లే.

ఇళ్లలో గచ్చు చల్లబడిపోయింది. ఉన్న వేడినంతా ఒక్కచోటికి మళ్లించాలని ఫర్హానా మిగతా ఇళ్లకు నీళ్లు కట్టేసింది. అందరం సత్రంలో చేరాం. ఇంటి పైపులు కట్టినా నేలలోని పెద్ద పైపులో నీళ్లు పారుతూనే ఉంటాయి, కారడమూ ఆగలేదు. భూమన్నను మంచంతో సహా మోసుకొచ్చారు. రావడానికి ఒప్పుకోనిది ఒక్క సాయవ్వే. ఊరి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలామె. కబురు పంపితే “నాకు సలి లేదు, పోండ్రి,” అని తలుపేసుకుందట.

సత్రంలో పిల్లలు దగ్గుతున్నారు. ఒక పిల్ల దగ్గు ఆపితే ఇంకో పిల్ల అందుకుంటుంది.

నేను ఇవాళ పొద్దంతా ఒక గుంత తవ్వాను. ఇంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు, కారేది ఇక్కడే అనుకున్నాను. బొగ్గులన్నీ అయిపోయాక బయటపడింది ఒక పాత కుళాయి పిడి. పైపు లేదు, ఏమీ లేదు. ఎవరిదో ఎప్పటిదో పిడి.

సత్రానికి వచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చాను. భూమన్న నా రెండు చేతులు లాక్కుని తన చంకల్లో పెట్టుకున్నాడు. వేళ్లకు ప్రాణం వచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది.

“నేను మొదటి ఏడు మొత్తం మేకులే తెచ్చిన,” అన్నాడు. “యాదికున్నదా? నువ్వు వాటితోనే గోడ నిండ కోట్లు తగిలిస్తివి.”

“పిల్లలు దగ్గుతున్నరయ్యా.”

“ఇంటున్న,” అన్నాడు.


పుష్యం, మంగళవారం

ఎర్ర గుడ్డల వరస ఊరి చివరి వైపు తిరిగింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా సాయవ్వ ఇల్లు. పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు.

ఈ చలిలో పొయ్యి వెలగలేదంటే లోపల మనిషి ఉన్నట్టా, లేనట్టా? పరుగెత్తి తలుపు కొట్టాను.

“ఎవలు?”

“నేను అవ్వా, గంగామణిని. తలుపు తీయి.”

“నేను మంచిగనే ఉన్న. పో బిడ్డా.”

పోబోతూ కిటికీ చూశాను. ఈ నెలల్లో గుట్ట మీద ప్రతి కిటికీకీ లోపలి నుంచి మంచు పేరుకుని ఉంటుంది. ఈ గాజు మీద నీళ్లు ధారలుగా కారుతున్నాయి.

“అవ్వా, నీ కిటికీకి చెమట పట్టింది,” అన్నాను.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

సాయవ్వ మామూలు నూలు చీరలో ఉంది. కోటు లేదు, కాళ్లకు మేజోళ్లు లేవు. లోపల అడుగు పెట్టగానే నా ముఖం మీద మంచు కరిగి మెడలోకి కారింది. పొయ్యి చల్లగా ఉంది. వెచ్చదనం నేలలోంచి వస్తోంది. వెనక గదిలోంచి ఒక వాసన వచ్చింది. ఏమిటో గుర్తుపట్టక ముందే నోట్లో నీళ్లూరాయి.

వెనక గదిలో గచ్చు పగిలిపోయి తడిమట్టి ఉంది. పైకప్పులోని గాజు పలక కింద, ఆ మట్టిలో, నా నడుము ఎత్తున కరివేపాకు మొక్క.

నేను ఆకు తెంపలేదు. వేళ్లతో రాసి వేళ్లు వాసన చూసుకున్నాను. పదకొండేళ్లు.

“నా బిడ్డ సుగుణ ఇంటెనుక పెట్టిన చెట్టు పిలక,” అంది సాయవ్వ. “మొదటి సలికి బిడ్డా పాయె, చెట్టూ పాయె. నేను ఈ పిలకను డబ్బల పెట్టుకొని గుట్టెక్కిన. ఇన్నేండ్లు పొయ్యి పక్కన పుల్ల లెక్కనే ఉండె. సచ్చిందో బతికిందో తెల్వకపోయేది. దసర ముంగట ఈ అర్రల గచ్చు పలిగి నేల ఎచ్చగైంది. మట్టిల పెట్టిన. ఆకేసింది.” ఆగింది. “సుగుణనే పంపిందనుకున్న.”

“నీళ్లు కారుతున్నయని తెల్వదా అవ్వా?”

“అప్పుడు తెల్వది. మీరంత సత్రంల ముడుసుకున్నరని ఇన్ననాడు తెలిసింది. చెప్తె తవ్వుతరు. తవ్వితే ఇది పోతది.” ఏడవలేదు. మొక్క కింద రాలిన ఒక ఆకును ఏరి కొంగులో వేసుకుంది.

నేను రవికెలోంచి బ్యాటరీ తీసి డిటెక్టర్‌కు పెట్టాను. మొక్క మొదలు పక్కన చెంబు మీద గోరు తగిలినట్టు చప్పుడు వినపడింది. హెడ్‌ఫోన్లు తీసి అవ్వ చెవులకు పెట్టి, చక్రాన్ని మళ్లీ అటూ ఇటూ ఊపాను.

అవ్వ కళ్లు మూసుకుని విన్నది. “సంటిపిల్ల నిద్రల మూలిగినట్టున్నది,” అంది.

ఆమె మీద అరవాలని ఉంది. ఆమె ఒళ్లో తల పెట్టుకోవాలనీ ఉంది. రెండూ చేయలేదు. “అవ్వా, నీ అంతట నువ్వే వచ్చి చెప్పు. రేపటి దాక నేను నోరు తెరవ. రేపటికి మించి మాత్రం ఆగలేను,” అని చెప్పి వచ్చేశాను.

ఒక్క భూమన్నకు చెప్పాను. అవతల ఒక పిల్ల దగ్గి దగ్గి ఆయాసపడుతోంది.

“కల్యామాకా?” అన్నాడు గుసగుసగా. మా వైపు కరివేపాకును అలాగే అంటాం. “నిజంగనా?” తర్వాత తనే అన్నాడు, “రేపటికి మించి వద్దు మణీ.”

“వద్దు.”


బుధవారం

తెల్లవారగానే ఫర్హానాకు నొప్పులు మొదలయ్యాయి. ఇంకా నెల ఉందనుకున్నాం. సత్రంలో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. దుప్పట్లన్నీ ఆమె మీదే కప్పాం, అయినా పళ్లు టకటకలాడుతున్నాయి.

మా నర్సు లిల్లీ నన్ను పక్కకు పిలిచింది. ఆమె కోస్తా నుంచి వచ్చిన మనిషి. “ఈ చలిలో నెల తక్కువ బిడ్డ నిలవదు గంగామణిగారూ. ఒక్క వెచ్చని గది ఉంటే చాలు. ఎక్కడైనా ఉందా?”

నేను బయటికి పరుగెత్తాను. ఆ దారిలో ఎర్ర గుడ్డలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. సాయవ్వ తలుపు ఈసారి కొట్టకముందే తెరుచుకుంది. ఆమె శాలువా కప్పుకుని, చెప్పులేసుకుని ఎక్కడికో బయల్దేరి ఉంది.

“అవ్వా, ఫర్హానాకు...”

ఆమె నా ముఖం చూసింది. “నడిపించుకొస్తరా, మోసుకొస్తరా?” అంది. శాలువా తీసి దులిపి నేల మీద పరిచింది.

ఫర్హానాను భూమన్న మంచం మీదే మోసుకొచ్చాం. భూమన్న తనే కిందికి దిగి గోడకు ఆనుకుని, “పోండ్రి, పోండ్రి,” అన్నాడు. ఇంట్లో అడుగుపెట్టిన ప్రతి మనిషీ ఆ వెచ్చదనానికి ఒక్క క్షణం నిలబడిపోయారు. కొందరి కళ్లు వెనక గది వైపు పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం అవ్వకు కష్టమైనట్టుంది. గది మధ్యలో నిలబడింది.

“నేనే వచ్చి చెప్తమని ఎల్లిన. మీ నీళ్లు ఈడనే పోతున్నయి. నాకు ఎరుకనే.”

లిల్లీ చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరగకుండానే అంది, “అలాగేలెండి మామ్మగారూ. ముందు పొయ్యి వెలిగించి నీళ్లు పెట్టండి.”

అవ్వ పొయ్యి వెలిగించింది. తర్వాత ఫర్హానా తల దగ్గర కూర్చుంది, బిడ్డ బయటపడేదాకా లేవలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఫర్హానా “అమ్మీ” అని అరిచేది. “ఉన్ననే, ఉన్న,” అనేది అవ్వ.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. పిడికిలి అంత ముఖం. పుట్టగానే ఏడవలేదు. లిల్లీ వీపు నిమిరి, నిమిరి, ఇంకోసారి నిమిరితే, పిల్లి కూనలా ఒక చిన్న కూత కూసింది. నేను బయటికి వచ్చి మంచులో కూర్చున్నాను.


శుక్రవారం

ఫర్హానా బిడ్డకు పాలు పడుతూనే బోరు సంగతి మాట్లాడుతోంది. “ఇప్పుడే తవ్వొద్దు. అవ్వ మొక్క ఉండనీ, ఎండ వచ్చేదాక ఎట్లనో ఒకట్ల నడిపిస్త.”

“ఎట్ల నడిపిస్తవే?” అంది సాయవ్వ. “నీ పొల్ల ఒక్కదాన్నే ఎచ్చగ పండవెట్టి, సత్రంల పొల్లల దగ్గు నేను ఇనుకుంట కూసోవాల్నా? గంగామణీ, గడ్డపార తేపో.”

తల్లీబిడ్డల పక్కన కుంపటి పెట్టి వెనక గదికి అడ్డంగా దుప్పటి కట్టాం. సాయవ్వ చాట తెచ్చుకుని మొక్క ముందు కూర్చుంది. ఒక్కో రెమ్మా తుంచి చాటలో వేసింది, లేత ఆకులు కూడా వదల్లేదు. “సలికి ఎట్లనన్న రాల్తయి. రాలేటివి రాలకముందే తెంపుకోవాలె,” అంది, నాకో, తనకో.

తర్వాత నేను తవ్వాను. ఈ పని మొదలుపెట్టాక మెత్తటి నేల తగలడం ఇదే మొదలు. చేత్తోనే మట్టి తీశాను. మోకాటి లోతులో ఇత్తడి కట్టు, నిలువునా చీలి ఉంది. ఆ చీలిక చుట్టూ కరివేపాకు వేళ్లు గుప్పిట బిగించినట్టు అల్లుకున్నాయి.

నాకు చెయ్యి రాలేదు. అవ్వ గుంతలోకి దిగింది. నా చేతిలోంచి కత్తి తీసుకుని వేళ్లను తనే కోసింది. కోసేటప్పుడు మెల్లగా “అయిపాయె, అయిపాయె,” అంటూ ఉంది, పిల్లల కాల్లో ముల్లు తీసేటప్పుడు అన్నట్టు. మట్టిముద్దతో మిగిలిన మొక్కను పాత నూనె డబ్బాలో పెట్టింది. ఆకుల్లేని కాండం, నాలుగు వేళ్లు.

బోరు దగ్గర నీళ్లు ఆపించి, ఫర్హానా దుప్పటి అవతల నుంచి చెప్తుంటే నేను పాత కట్టు విప్పి కొత్తది బిగించాను. “ఇంకొంచెం తిప్పు అక్కా. ఇంకొంచెం. చాలు, చాలు, పలుగుతది!” నడుమ నడుమ బిడ్డ ఏడుపు.

సాయంత్రానికి బోరు దగ్గరికి నీళ్లు నిండుగా తిరిగొచ్చాయని కేక వినపడింది.


ఆదివారం

ఇళ్లలో గచ్చులు వెచ్చబడుతున్నాయి. రేపు ఎవరి ఇంటికి వాళ్లం పోతాం. సాయవ్వ వెనక గదిలో నేల పూడ్చేదాకా ఆమె మాతోనే ఉంటుంది. మా ఇంట్లో కిటికీ దగ్గరి చోటు ఆమెకూ ఆ డబ్బాకూ ఇచ్చాడు భూమన్న. మొక్క బతుకుతుందో లేదో తెలియదు. అవ్వ రోజూ వేలు మట్టిలో గుచ్చి తడి చూస్తుంది.

ఇవాళ సత్రంలో ఆఖరి బంతి. పెద్ద డేగిసాలో పప్పు ఉడికింది. అవ్వ చాట పట్టుకొచ్చింది. మూకుట్లో నూనె కాగాక ఆవాలు వేసి, ఎండుమిరపకాయలు తుంచి వేసి, రెండు గుప్పిళ్ల నిండా కరివేపాకు వేసింది.

ఆ చిటపట సత్రమంతా వినపడింది. తర్వాత వాసన వచ్చింది. మాట్లాడుతున్నవాళ్లు మాటల మధ్యలో ఆగిపోయారు. మూలన కూర్చున్న ముసలాయన ఒకరు తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. లిల్లీ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఫర్హానా బిడ్డను పొయ్యి వైపు ఎత్తి పట్టుకుంది. ఆ పసిది వరసగా రెండు సార్లు తుమ్మింది.

గొడుగు తర్వాత పుట్టిన పిల్లలకు ఇదేమిటో తెలియదు. ఒక పిల్ల పప్పులోంచి ఆకు తీసి వేళ్ల మధ్య పట్టుకుని అడిగింది, “భూమన్న తాతా, ఇది తింటరా, పక్కకు పెడ్తరా?”

భూమన్న కర్ర పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “ఎనుకట మేమైతే పక్కకే పెడుతుంటిమి బిడ్డా,” అన్నాడు. తన ముద్దలోని ఆకును నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నమిలాడు.

బంతి అయ్యాక కంచాలు కడగడానికి సాయవ్వ కూర్చుంది. వద్దన్నా వినలేదు, నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె ఒక్కో కంచాన్నీ వెలుగుకు ఎత్తి చూసి గానీ నీళ్లలో వేయలేదు. ఏ కంచం అంచునా ఒక్క ఆకు లేదు.